పగోడా కారు గడియారం మరమ్మతు – మూడో పాఠం: ఊడిన అతుకు

గత పాఠంలో మెర్సిడెస్ 230 ఎస్‌ఎల్ డ్యాష్‌బోర్డులోంచి గడియారాన్ని బయటికి తీసి, అంచు పట్టీ సొట్టలు పడకుండా విప్పి, యంత్రాన్ని డబ్బా నుంచి వేరు చేశాం. ఈ పాఠంలో అది ఆగిపోయిన కారణాన్ని పట్టుకొని, ఆ కారణాన్ని తొలగించాకే అతుకు వేద్దాం. ఈ వరుసను దయచేసి తారుమారు చేయకండి.

పైకప్పు నడుమ భాగం గుంటగా ఉండటం వల్ల పగోడా అని పేరుపడిన ఈ కార్లు 1963 నుంచి 1971 వరకు తయారయ్యాయి. వాటిలో మనకు ఎక్కువగా కనిపించేది జర్మనీలోని ష్వెన్నింగెన్‌కు చెందిన కీంట్స్‌లె సంస్థ గడియారం. దీన్ని విద్యుత్ గడియారం అనడం వాడుకే గానీ, నిజానికి ఇది తనకు తానే కీ ఇచ్చుకొనే స్ప్రింగు గడియారం. లోపలి చిన్న స్ప్రింగు రెండు మూడు నిమిషాలు నడిపి సడలగానే రెండు కాంటాక్టులు కలుస్తాయి. అప్పుడు బ్యాటరీ కరెంటు రాగి చుట్టలోకి వెళ్లడంతో అయస్కాంతం ఇనుప చేతిని ఒక్క ఉదుటున లాగి, స్ప్రింగును మళ్లీ బిగించి, అదే కదలికలో కాంటాక్టులను విడదీస్తుంది. కారులో నిశ్శబ్దంగా కూర్చుంటే వినిపించే 'టప్' అన్న చప్పుడు అదే. కరెంటు ప్రవహించేది రెప్పపాటు కాలమే కాబట్టి చుట్ట వేడెక్కదు.

బ్యాటరీ నీరసించినప్పుడు గాని, నూనె జిగురై ఇనుప చేతి ఇరుసును పట్టేసినప్పుడు గాని ఆ లాగుడు సగంలో ఆగిపోతుంది. కాంటాక్టులు కలిసే ఉండిపోతాయి, కరెంటు ఆగకుండా పారుతుంది, చుట్ట కాలడం మొదలవుతుంది. దాన్ని కాపాడటానికే తయారీదారులు తక్కువ వేడికి కరిగే టంకంతో ఒక సన్నని రేకును అతికించారు. టంకం కరగగానే రేకు తన బిగువుతోనే పైకి లేచి కరెంటును తెంచుతుంది. తాళంచెవి తీసేసినా గడియారానికి కరెంటు అందుతూనే ఉంటుంది కనుక, నెలల తరబడి షెడ్డులో నిలిపి ఉంచిన కార్లలో ఇది మరీ ఎక్కువగా జరుగుతుంది.

కంటి లెన్సుతో చూస్తే ఆ రేకు కొసన మసకబారిన చిన్న టంకపు బొట్టు, దాని ఎదుట ఖాళీ జాగా కనిపిస్తాయి. ముందుగా మల్టీమీటరుతో చుట్టను కొలవండి. కొన్ని ఓముల నిరోధం చూపితే చుట్ట క్షేమం, ఏమీ చూపకపోతే తీగ తెగినట్టు. తరువాత ఇనుప చేతిని పుల్లతో మెల్లగా కదిపి వదలండి. అది బద్ధకంగా వెనక్కి వస్తే పాత నూనెను వైట్ పెట్రోలుతో కడిగి, ఇరుసులకు మాత్రం సూది మొనతో వాచీ నూనె అతి కొద్దిగా తాకించాలి. కాంటాక్టులకు నూనె అంటకూడదు. వాటి మధ్య ఆల్కహాల్‌లో తడిపిన దళసరి కాగితాన్ని నాలుగైదుసార్లు లాగితే నలుపు వదులుతుంది. ఉప్పుకాగితం వాడితే కాంటాక్టుల ముఖం అరిగిపోతుంది.

ఇప్పుడు అతుకు. నా మొదటి గడియారానికి నేను చేతిలో ఉన్న మామూలు టంకమే వాడాను. అది కరగాలంటే 183 డిగ్రీల పైన వేడి కావాలి. కొన్ని నెలలకు బ్యాటరీ పడిపోయినప్పుడు అతుకు కదలలేదు, చుట్టే కాలి దాని వార్నిష్ ముదురు గోధుమ రంగుకు తిరిగింది. ఆ వాసన నాకు ఇప్పటికీ గుర్తుంది. అందువల్ల 138 డిగ్రీలకు కరిగే తగరం–బిస్మత్ టంకాన్నే వాడమని గట్టిగా చెబుతాను. పాత టంకాన్ని రాగి వత్తితో పూర్తిగా పీల్చేయాలి; అందులో సీసం ఉంటే అది బిస్మత్, తగరాలతో కలిసి 96 డిగ్రీల దగ్గరే కరిగే మిశ్రమంగా మారగలదు. రేకును పుల్లతో కిందికి నొక్కి పట్టి, టంకం బాగా అంటడానికి కొద్దిగా రోజిన్ పూసి, చిన్న మొన ఉన్న సోల్డరింగ్ ఐరన్‌తో క్షణకాలం తాకించి తీసేయండి. ఈ టంకం పెళుసు కాబట్టి అది గట్టిపడేదాకా చెయ్యి కదలకూడదు.

చల్లారాక 12 వోల్టులు ఇవ్వండి. మొదటి 'టప్' వెంటనే వినిపించాలి. మొదటి అరగంట దగ్గరే కూర్చోండి; చప్పుడు లేకుండా చుట్ట వెచ్చబడితే అప్పటికప్పుడే తీగ లాగేసి, ఇనుప చేతిని మళ్లీ పరీక్షించండి. అంతా సవ్యంగా ఉంటే ఒక రాత్రంతా బల్ల మీదే నడవనివ్వండి. తెల్లవారేసరికి అది ఎన్ని నిమిషాలు ముందుకో వెనక్కో పోయిందో కాగితం మీద రాసుకోండి. వచ్చే పాఠంలో వేగం సరిచేయడానికి మనకు ఆ అంకె కావాలి.