గూడు తలుపు తెరిచింది మొదలు గొళ్లెం వేసే దాకా: ఇంట్లో నాలుగైదు పెట్టల సంరక్షణ

నాలుగైదు పెట్టలను పెంచుకోవడానికి రోజుకు ఎంత సమయం కావాలని అడిగేవారికి ఉదయం పావుగంట, సాయంత్రం పావుగంట చాలని చెబుతాను. అయితే ఆ అరగంటలో మేతకూ నీళ్లకూ శుభ్రతకూ పట్టేది సగమే. మిగతా సగం కోళ్లను చూస్తూ నిలబడటానికి ఉంచుకోవాలి. కోడి తన జబ్బును దాచుకునే ప్రాణి. నలతగా కనిపించిన కోడిని తోటి కోళ్లే పొడుస్తాయి, వేటాడే జంతువు కన్ను కూడా ముందు దానిమీదే పడుతుంది కాబట్టి, ఓపిక ఉన్నంతవరకు అది మామూలుగానే తిరుగుతుంది. ఈకలు ఉబ్బించుకుని మూలన కూర్చుందంటే జబ్బు అప్పటికే ముదిరిందని అర్థం.

తెల్లవారగానే గూడు తలుపు తెరిచి, ఒక అడుగు వెనక్కి జరిగి, అవి ఒక్కొక్కటిగా దిగి రావడాన్ని గమనించండి. రోజూ అన్నిటికంటే ముందు దూకే పెట్ట ఈ రోజు చివరగా దిగితే దాని మీద ఒక కన్ను వేసి ఉంచాలి. తల మీది తురాయి ఎర్రగా ఉందా, పాలిపోయిందా, తోక నిలిచి ఉందా, వాలిందా, నడకలో కుంటు కనిపిస్తోందా అన్నవి చూడటానికి రెండు నిమిషాలు చాలు. తర్వాత రాత్రి అవి వాలిన కర్ర కింద రెట్టలను చూడాలి. గట్టిగా, పైన తెల్లటి పొరతో ఉన్నది మామూలు రెట్ట. మధ్యమధ్య జిగటగా, ముదురు గోధుమ రంగులో, ఘాటైన వాసనతో వచ్చేదాన్ని చూసి కొత్తవారు భయపడతారు కానీ అదీ సహజమే. రక్తం కనిపించినా, ఆకుపచ్చని నీళ్ల విరేచనం అవుతున్నా ఆ కోడిని వేరుచేసి పశువైద్యుణ్ణి సంప్రదించాలి.

మేత కంటే ముందు నీళ్లు మార్చాలి. ఒక పెట్ట రోజుకు సుమారు పావు లీటరు నీళ్లు తాగుతుంది, ఎండలు ముదిరితే ఆ అవసరం రెట్టింపు అవుతుంది. కొన్ని గంటలు నీళ్లు అందకపోయినా గుడ్ల మీద దెబ్బ పడుతుంది. నీళ్ల పాత్రను కోడి వీపు ఎత్తులో ఉంచితే అవి నేల గీరినప్పుడు మట్టీ గడ్డీ అందులో పడవు. పాత్రకు పట్టే పాచిని రోజూ రుద్ది కడగాలి. పైపైన తొలిపి కొత్త నీళ్లు పోయడం శుభ్రత కాదు.

గుడ్లు పెట్టే కోళ్ల దాణా ఒక్కో పెట్టకు రోజుకు 110 నుంచి 120 గ్రాములు సరిపోతుంది. వంటింటి నుంచి వచ్చే ఆకులు, కూరగాయల ముక్కలు మొత్తం మేతలో పదో వంతు దాటకూడదు, ఎందుకంటే వాటితో కడుపు నింపుకున్న పెట్ట దాణా వైపు చూడదు. బూజు పట్టినవి, చాక్లెట్, అవకాడో, ఉడకని రాజ్మా గింజలు విషంతో సమానం. పెంకు గట్టిపడటానికి ఆల్చిప్పల పొడిని దాణాలో కలపకుండా వేరే గిన్నెలో ఉంచండి. అవసరమైన పెట్టే వచ్చి తింటుంది. ఇంకా గుడ్లకు రాని లేత పెట్టలు అధిక సున్నం తింటే వాటి మూత్రపిండాలు దెబ్బతింటాయి. కోడికి పళ్లు లేవు, మేతను నూరే పని కందనకాయదే; అందువల్ల ఆరుబయట తిరగని కోళ్లకు సన్నటి గులకరాళ్లు కూడా అందుబాటులో ఉంచాలి.

గుడ్లను ఉదయం ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి తీయాలి. గూట్లో ఎక్కువసేపు ఉన్న గుడ్డు కాలి కింద పడి పగులుతుంది. ఒకసారి ఆ రుచి మరిగిన పెట్టకు గుడ్లు పొడుచుకు తినే అలవాటును మాన్పించడం చాలా కష్టం. ఒక గుడ్డు తయారు కావడానికి 24 నుంచి 26 గంటలు పడుతుంది, అందులో దాదాపు 20 గంటలు పెంకు కట్టడానికే. ఈ లెక్కన పెట్ట రోజురోజుకూ కాస్త ఆలస్యంగా గుడ్డు పెడుతూ వచ్చి, చివరికి ఒక రోజు మానేస్తుంది. దానికి కంగారు పడనవసరం లేదు. ఈకలు రాల్చే కాలంలో, పగటి వెలుతురు తగ్గిన రోజుల్లో వారాల తరబడి ఆపేయడమూ సహజమే. పెంకు మీద ఉండే సన్నటి సహజ పొర క్రిములను అడ్డుకుంటుంది కాబట్టి గుడ్లను దాచే ముందు కడగకుండా, వాడే ముందు కడగండి. గుడ్లనైనా కోళ్లనైనా ముట్టుకున్నాక చేతులను సబ్బుతో కడుక్కోవాలి, ముఖ్యంగా పిల్లల చేత కడిగించాలి. పైకి ఆరోగ్యంగా ఉన్న కోడి నుంచి కూడా కడుపు జబ్బు తెచ్చే సాల్మొనెల్లా అనే క్రిమి సోకవచ్చు.

పగలు వాటికి కావలసినవి నీడ, పొడి మట్టి. కోళ్లకు చెమట పట్టదు. నోరు తెరిచి రొప్పుతూ, రెక్కలు ఒంటికి దూరంగా పెట్టాయంటే వేడికి తట్టుకోలేకపోతున్నాయని గ్రహించి చల్లటి నీళ్లు, గాలి ఆడే చోటు చూపించాలి. పొడి మట్టిలో ఇసుకా బూడిదా కలిపి ఒక తొట్టెలో పోసి ఉంచితే అందులో పొర్లి ఒళ్లు శుభ్రం చేసుకుంటాయి. అయినా వారానికి ఒకసారి ప్రతి పెట్టనూ ఒడిలోకి తీసుకుని తోక కింద ఈకలు విప్పి చూడాలి. పేలు అక్కడే పరుగెడుతూ కనిపిస్తాయి, వాటి గుడ్లు ఈక మొదట్లో తెల్లగా గుత్తులు కట్టి ఉంటాయి. ఎర్ర నల్లులు మాత్రం పగలు కర్రల పగుళ్లలో దాక్కుని రాత్రి రక్తం తాగుతాయి. చీకటి పడ్డాక వాలిన కర్ర అడుగున తెల్ల గుడ్డతో తుడిస్తే ఎర్రటి చారలు పడతాయి.

సాయంత్రం పనుల్లో నేను ఏ రోజూ వదలనిది మేతసంచిని, అంటే కోడి తిన్నది మొదట చేరే మెడ దగ్గరి సంచిని, తడిమి చూడటం. చీకట్లో కర్ర మీద కూర్చున్న పెట్ట కదలదు. మెల్లగా దాని రొమ్ము పైన, మెడ మొదట్లో కాస్త కుడివైపుకు అరచేయి పెడితే, రోజంతా తిన్నది నిమ్మకాయంత ఉబ్బుగా తగులుతుంది. తెల్లవారేసరికి అక్కడ ఏమీ మిగలకూడదు. ఒకసారి మా గోధుమరంగు పెట్ట రాత్రి నిండుగా తగిలింది, తెల్లవారాక కూడా అలాగే, పిసికిన పిండిముద్దలా గట్టిగా తగిలింది. అప్పటికి అది తింటున్నట్టే, తిరుగుతున్నట్టే ఉంది. అదే రోజు వైద్యుడి దగ్గరకు తీసుకువెళితే పొడవాటి గడ్డిపోచలు లోపల ఉండకట్టాయని తేలింది. సమయానికి తెలిసింది కాబట్టి బతికింది. అప్పటి నుంచి అవి తిరిగే చోట గడ్డిని పొట్టిగా కోసి, కోసిన గడ్డిని ఎత్తి పారేస్తున్నాను.

కొత్త కోడిని తెస్తే నెల రోజులు వేరుగా ఉంచి, తర్వాత వారం పది రోజులు వల అడ్డంగా పెట్టి ఒకదాన్నొకటి చూసుకోనిచ్చి, ఆపైనే కలపాలి. కొద్దిపాటి పొడుచుకోవడం తప్పదు, రక్తం వస్తే మాత్రం విడదీయాలి. పొదుగుకు కూర్చున్న పెట్టను, పుంజు లేని ఇంట్లో, రోజుకు పలుమార్లు గూట్లోంచి ఎత్తి మేత దగ్గర దించాలి. వదిలేస్తే తిండి మాని వారాల తరబడి చిక్కిపోతుంది.

సూర్యుడు దిగగానే పెట్టలు తమంతట తామే గూటికి చేరుతాయి, కానీ తలుపు వేయాల్సింది మనమే. పిల్లి, ముంగిస వంటివి ఒక్క రాత్రి ఆలస్యాన్ని కూడా వదిలిపెట్టవు. పల్చటి కోళ్ల వల కోళ్లను లోపల ఉంచగలదే తప్ప కుక్కను ఆపలేదు; అర అంగుళం కన్నాల గట్టి ఇనుప జాలీ వేయించండి. గొళ్లెం మీద చేయి వేసే ముందు కర్ర మీద ఉన్నవాటిని వేలితో చూపిస్తూ లెక్కపెట్టండి. ఒకటి తగ్గితే, దీపం పట్టుకుని పొదలూ, కట్టెల మోపుల సందులూ వెతికి, దాన్ని తెచ్చి కర్ర మీద కూర్చోబెట్టాకే తలుపు వేయాలి.