ప్లగ్-ఇన్ కారు ఇంటి దగ్గర చార్జింగ్ ఎక్కడం లేదా? కారును వదిలి గోడ దగ్గర మొదలుపెట్టండి

ఒడిశాలోని రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి, బరంపురం వైపు తెలుగు ఇళ్ల ముందు ప్లగ్ పెట్టుకునే కార్లు ఇప్పుడు కనిపిస్తున్నాయి. వాటిలో ఎక్కువ భాగం పూర్తి ఎలక్ట్రిక్ హ్యాచ్‌బ్యాక్‌లు. పెట్రోలు ఇంజనూ బ్యాటరీ రెండూ ఉన్న ఖరీదైన ప్లగ్-ఇన్ హైబ్రిడ్ ఎక్కడో ఒకటి. ఇంటి సాకెట్ దగ్గరికి వచ్చేసరికి రెండింటి కథా ఒకటే. చార్జింగ్ ఎక్కకపోతే యజమాని ముందు విశాఖకో భువనేశ్వర్‌కో ఫోన్ చేస్తాడు, ఆ తరువాత కారును ట్రక్కు మీదికి ఎక్కిస్తాడు. అక్కడ అది చక్కగా చార్జింగ్ ఎక్కుతుంది, ఎందుకంటే చెడిపోయింది కారు కాదు. కేబుల్ మధ్యలో ఇటుక లాంటి పెట్టె ఒకటి ఉంటుంది, దాని మీద దీపాలుంటాయి. ఏ దీపం వెలుగుతోందని అడిగితే "చూడలేదండీ" అనేవాళ్లే నూటికి తొంభై మంది. దయచేసి చూడండి. ఆకుపచ్చగా ఉంటే ఒక దారి, ఎర్రగా ఉంటే ఇంకో దారి, అసలు వెలగకపోతే ముందు ఎంసీబీ (లోడు మించితే లైను ఆపేసే బోర్డు స్విచ్చి) దించి ఉందేమో చూడండి.

పెట్రోలు ఖర్చు పెరిగింది, ఎందుకో తెలియడం లేదు

ఇది హైబ్రిడ్ వాళ్ల సమస్య. ఎలక్ట్రిక్ కారు రాత్రి చార్జింగ్ ఎక్కకపోతే తెల్లారేసరికి నిలదీసి చెబుతుంది. హైబ్రిడ్ చెప్పదు. బ్యాటరీ ఖాళీ అయితే ఇంజను అందుకుంటుంది, బండి నడుస్తూనే ఉంటుంది, నెలాఖరుకు బంకు బిల్లు చూసి మైలేజీ పడిపోయిందని సర్వీసుకు పంపుతారు. 2014లో యూరప్‌లో వచ్చిన ఫోక్స్‌వ్యాగన్ గోల్ఫ్ జీటీఈ, ఆడి ఏ3 ఈ-ట్రాన్ తీసుకోండి: 1.4 లీటర్ల టర్బో పెట్రోలు ఇంజను, 75 కిలోవాట్ల మోటారు, రెండూ కలిసి 204 హార్స్‌పవర్. బ్యాటరీ మాత్రం 9 కిలోవాట్ అవర్ల లోపే. ఆనాటి పరీక్షల లెక్కలో అది 50 కిలోమీటర్లు. తరువాతి మెర్సిడెస్ ఏ250ఈలో అది 15.6 కిలోవాట్ అవర్లకు పెరిగింది. అంత చిన్న బ్యాటరీని రోజూ నింపకపోతే మిగిలేది మోటారు బరువును అనవసరంగా మోసే పెట్రోలు కారు.

కాబట్టి మైలేజీ తగ్గిందనగానే స్పార్క్ ప్లగ్గుల దాకా వెళ్లకండి. ఉదయం బండి తీసే ముందు మీటరులో బ్యాటరీ ఎంత శాతం ఉందో వరుసగా కొన్ని రోజులు చూడండి. నిండకుండా ఉంటే కింద చదవండి. నిండుగా ఉండి కూడా ఇంజను నడుస్తుంటే బ్యాటరీని తరువాతి కోసం దాచిపెట్టే మోడ్ ఎవరైనా నొక్కి వదిలేశారేమో చూడండి. యాక్సిలరేటర్ గట్టిగా తొక్కినా, కోరాపుట్ చలిలో హీటర్ పెట్టినా కొన్ని మోడళ్లలో ఇంజను లేస్తుంది. ట్యాంకులో పెట్రోలు నెలల తరబడి ఉండిపోతే దాన్ని ఖర్చు చేయడానికి తానే ఇంజను నడిపే కార్లూ ఉన్నాయి. అవేవీ జబ్బులు కావు.

ప్లగ్ పెట్టాం, దీపం ఆకుపచ్చగానే ఉంది, బ్యాటరీ మాత్రం ఎక్కడం లేదు

టైమర్. కారులోనో ఫోను యాప్‌లోనో ఫలానా గంటకు చార్జింగ్ మొదలుపెట్టమని ఎవరో పెట్టి ఉంటారు, చాలాసార్లు ఇంట్లో చదువుకునే పిల్లలు. దాన్ని తీసేయండి. అది కాకపోతే కారు వైపు గన్ (కారు పోర్టులో గుచ్చే కేబుల్ కొస) పూర్తిగా లోపలికి వెళ్లలేదు, "టక్" మని శబ్దం వచ్చేదాకా నొక్కండి. ఈ రెండూ చూశాకే ఇంకో మాట.

మొదలవుతుంది, అరగంటకో గంటకో ఆగిపోతుంది

ప్లగ్‌ను చేత్తో తాకి చూడండి. కాలుతోందా? సాకెట్ లోపలి పట్టు వదులైంది, లేదా వెనక స్క్రూ బిగించలేదు. పదిహేను ఆంపియర్ల సాకెట్ అని పేరుంటే చాలదు. గీజరు పావుగంట లాగి ఆగిపోతుంది, కారు రాత్రంతా లాగుతుంది. టియాగో ఈవీ లాంటి బండిలో 24 కిలోవాట్ అవర్ల బ్యాటరీని ఈ సాకెట్ మీద నింపాలంటే ఎనిమిది తొమ్మిది గంటలు పడుతుంది. కొన్ని కేబుళ్ల ప్లగ్‌లోనే వేడిని కొలిచే సెన్సర్ ఉంటుంది, వేడెక్కగానే అది ఆపేస్తుంది. సాకెట్‌ను మంచి ఇండస్ట్రియల్ రకానికి మార్చండి. మెయిన్ బోర్డు నుంచి నేరుగా 4 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ వేయించండి. ఎక్స్‌టెన్షన్ బాక్స్ మీద పెట్టేవాళ్లతో నాకు మాటల్లేవు.

ప్లగ్ చల్లగా ఉండి, సాయంత్రం ఏడు నుంచి పది మధ్యే ఆగుతుంటే వోల్టేజీ చూడండి. లైను చివరి ఇళ్లకు ఆ వేళ 230 కాస్తా 180కి, ఇంకా కిందికి జారుతుంది. స్టెబిలైజర్ కొనకండి. చార్జింగ్ కరెంటును తగ్గించుకునే వీలుంటే 10 నుంచి 8 లేదా 6 ఆంపియర్లకు తగ్గించి, రాత్రి పదకొండు దాటాక మొదలయ్యేలా టైమర్ పెట్టండి. గేటు దగ్గర సాకెట్ కోసం 1.5 చదరపు మిల్లీమీటర్ల తీగను ముప్పై మీటర్లు లాగి ఉంటే, 10 ఆంపియర్లకే ఆ తీగలో ఏడు వోల్టులు పోతాయి. అసలే తక్కువున్నచోట ఆ ఏడూ పెద్దవే.

పెట్టె మీద ఎర్ర దీపం. బావమరిది ఇంట్లో మాత్రం బాగానే ఎక్కుతుంది

ఇదీ అసలు సంగతి. వానాకాలం, చలికాలం బాగా నడిచిన చార్జింగ్ ఉగాది దగ్గర పడేసరికి మొండికేస్తుంది. ఇంట్లో ఫ్రిజ్ నడుస్తోంది, మోటారు నడుస్తోంది, గీజరు నడుస్తోంది. అందువల్ల "కరెంటు బాగానే ఉంది, కేబులే పోయింది" అని తేల్చేస్తారు. గుణుపురం వైపు ఒకాయన ఇలాగే కొత్త కేబుల్ తెప్పించుకున్నారు. దాని మీదా అదే ఎర్ర దీపం వెలిగింది.

కారణం ఎర్తింగ్. మన ఇళ్లకు స్తంభం మీది నుంచి వచ్చేవి సాధారణంగా ఫేజు, న్యూట్రల్ రెండే. ఎర్తు మన పెరట్లోని గొయ్యి నుంచి రావాలి. ఫ్రిజ్‌కు, మోటారుకు ఎర్తు ఉన్నా లేకపోయినా పట్టదు. కారు కేబుల్ పెట్టెకు పడుతుంది. కారును ఎర్తు లేని సాకెట్‌కు తగిలిస్తే, లోపల ఏ చిన్న లీకేజీ వచ్చినా ఆ కరెంటు కారు ఒంటి మీదికి వస్తుంది. కారు రబ్బరు టైర్ల మీద నిలబడి ఉంటుంది కాబట్టి కరెంటు భూమిలోకి దిగదు, తడికాళ్లతో తలుపు పట్టుకున్న మనిషి గుండా దిగుతుంది. అందుకే ఎర్తు సరిగా ఉందో లేదో పరీక్షించుకున్నాకే పెట్టె కారుకు పచ్చజెండా ఊపుతుంది. ఎంత నిరోధం దాటితే ఆగాలన్నది తయారీదారును బట్టి మారుతుంది. ఒకే సాకెట్ మీద మీ పక్కింటి కారు ఎక్కి మీది ఎక్కకపోవడంలో వింతేమీ లేదు.

మరి వేసవిలోనే ఎందుకు? రాయగడ, కోరాపుట్ కొండవాలు నేలలు చూడండి. పైన ఎర్ర గరప, లేటరైట్, కాస్త తవ్వితే ఖోండలైట్ రాయి. తడి ఉన్నంతకాలం ఆ నేల కరెంటును తీసుకుంటుంది. ఫాల్గుణం దాటి పూర్తిగా ఎండిపోయాక దాదాపు తీసుకోదు. ఇల్లు కట్టినప్పుడు మేస్త్రీ నాలుగడుగులు తవ్వి, రాయి తగలగానే పైపును అడ్డంగా కోసి పాతేసి ఉంటాడు. బరంపురం, గోపాలపురం వైపు నేల మెత్తనిదే, అక్కడ ఉప్పుగాలి జీఐ (జింకు పూత పూసిన ఇనుము) పట్టీని, బోల్టును తినేస్తుంది. గొయ్యి తడిగానే ఉంటుంది గానీ అతుకు దగ్గర తెగి ఉంటుంది.

ఎవరినీ పిలవకముందే మీరు చేయగల పరీక్ష ఒకటుంది. ఎర్తింగ్ గొయ్యి ఎక్కడుందో వెతకండి (చాలామందికి తెలియదు, పూలకుండీ కింద ఉంటుంది). రెండు మూడు బకెట్ల నీళ్లు పోయండి. అరగంట ఆగి ప్లగ్ పెట్టండి. దీపం ఆకుపచ్చకు మారితే రోగం దొరికింది. మారకపోతే ఎర్తు బాగుందని అర్థం కాదు. గొయ్యికీ బోర్డుకూ మధ్య తీగ తెగి ఉండవచ్చు, సాకెట్‌లో ఆకుపచ్చ తీగ అసలు తగిలించకపోయి ఉండవచ్చు.

తరువాత మిస్త్రీని పిలవండి. అతను జేబులోంచి నియాన్ టెస్టర్ తీసి ఫేజులో పెట్టి "కరెంటు ఉంది కదా" అంటే, ఉంది, మన ప్రశ్న అది కాదు. మల్టీమీటర్ తెచ్చినా జాగ్రత్త. ఎర్తు తీగ పూర్తిగా తెగి ఉంటే ఫేజు-ఎర్తు మధ్య 60, 110 అంటూ నిలకడ లేని అంకెలు కనిపిస్తాయి, అది సులువుగా దొరుకుతుంది. ఎర్తు బలహీనంగా ఉన్నప్పుడే మోసం. ఫేజు-న్యూట్రల్ 226, ఫేజు-ఎర్తు 224, న్యూట్రల్-ఎర్తు 2 అని అందమైన అంకెలు వస్తాయి. మల్టీమీటర్ దాదాపు కరెంటే లాగదు, ఎండిన గొయ్యి కూడా దాని ముందు మంచిగానే నటిస్తుంది. ఆ అంకెలు చూపించి "ఎర్తు భేష్" అని వెళ్లిపోయిన మిస్త్రీలు ఎందరో.

కొంత కరెంటు పారిస్తేనే నిజం బయటపడుతుంది. నేలలో మేకులు దింపి కొలిచే ఎర్త్ టెస్టర్ ఉంటే అదే ఉత్తమం. 5 ఓంల లోపు వస్తే నిశ్చింత. లేకపోతే పాతకాలపు 100 వాట్ల బల్బు టెస్ట్ లాంపును ఆర్‌సీసీబీకి (లీకేజీ కనిపెట్టి లైను ఆపేసే స్విచ్చికి) ముందు ఫేజుకూ ఎర్తుకూ మధ్య క్షణం పాటు తగిలించడం. ఫేజు-న్యూట్రల్ మీద వెలిగినంత కాంతితో వెలగాలి, గుడ్డిగా వెలిగితే గొయ్యి పనికిరాదు. ఇది మిస్త్రీ చేయాల్సిన పని, మీది కాదు. ఎర్తు బలహీనంగా ఉంటే ఆ క్షణంలో ఫ్రిజ్, మోటారు, గీజరు ఒళ్లన్నిటికీ వోల్టేజీ ఎక్కుతుంది. ఇంట్లో ఎవరూ వాటిని ముట్టుకోకూడదు.

ఇక్కడే ఇంకో ప్రమాదం పొంచి ఉంటుంది. "ఐదు నిమిషాల్లో చేసేస్తాను" అని మిస్త్రీ సాకెట్ విప్పి, న్యూట్రల్‌కూ ఎర్తుకూ చిన్న తీగముక్క కలిపేస్తాడు. వెంటనే ఆకుపచ్చ దీపం, చార్జింగ్ మొదలు, అతనికి ఐదు వందలు. దాంతో ఆర్‌సీసీబీ పడిపోతుంటే దాన్నీ పీకేస్తాడు. ఆ రోజు నుంచి మీ కారు ఒళ్లు న్యూట్రల్ తీగకు కట్టేసి ఉన్నట్టే. స్తంభం దగ్గర న్యూట్రల్ తెగిన రోజు ఇంట్లో వెలుగుతున్న బల్బు గుండా వచ్చిన ఫేజు కారు తలుపు మీదికి ఎక్కుతుంది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను గజపతి జిల్లా స్తంభాలను ఏం చేసిందో చూసినవాళ్లకు న్యూట్రల్ తెగడం గురించి వేరే చెప్పనక్కర్లేదు. ఆ ముక్క ఉందో లేదో కనిపెట్టాలంటే అదే లైను మీద గీజరు వేసి, సాకెట్‌లో న్యూట్రల్-ఎర్తు కొలిపించండి. మామూలుగా లోడు పడగానే ఒకటి రెండు వోల్టులు లేవాలి. కదలకుండా సున్నా దగ్గరే కూర్చుంటే సాకెట్ విప్పించండి.

సరైన మరమ్మతు కొత్త గొయ్యే. స్నానాల గది నీళ్లో, గిన్నెలు కడిగిన నీళ్లో పారే చోటు ఎంచుకోండి. మెత్తని నేల అయితే రెండున్నర, మూడు మీటర్ల పైపు నిలువుగా దింపాలి. రాయి తగిలితే రాయితో కుస్తీ పట్టకండి, కందకం తవ్వి జీఐ పట్టీని అడ్డంగా పరిపించండి. ఎర్తింగ్ పద్ధతులు చెప్పే ఐఎస్ 3043 ప్రమాణంలో పట్టీ పద్ధతికీ చోటుంది. ఉప్పు, బొగ్గు పాత అలవాటు. ఉప్పు వానకు కొట్టుకుపోతుంది, ఉన్నన్నాళ్లూ ఇనుమును తింటుంది. బెంటొనైట్ అనే బంకమట్టి పొడి తడిని పట్టి ఉంచుతుంది, దాన్నే అడగండి. ఒక గొయ్యి చాలకపోతే కనీసం మూడు మీటర్ల దూరంలో రెండోది వేసి రెండూ కలపండి. దగ్గర దగ్గరగా వేస్తే రెండో దాని ఖర్చు దండగ. వేసవిలో వారానికోసారి నీళ్లు పోయండి.

ఆర్‌సీసీబీ పడిపోతోంది

ఇల్లంతటికీ ఒకే ఆర్‌సీసీబీ ఉంటే పాత మోటారు లీకేజీ, ఫ్రిజ్ లీకేజీ, కారు లీకేజీ అన్నీ కలిసి 30 మిల్లీఆంపియర్లకు చేరువవుతాయి. కారుకు విడిగా 30 మిల్లీఆంపియర్ల టైప్-ఏ రకం పెట్టించండి. తీసేయమని మాత్రం ఎవరు చెప్పినా వినకండి. 50 ఓంల గొయ్యి మీద ఫేజు నేరుగా కారు ఒంటికి తగిలినా పారేది 4.6 ఆంపియర్లే. దానికి 16 ఆంపియర్ల ఎంసీబీ కదలదు.

మిగతావి

కరెంటు పోయినప్పుడు ఇన్వర్టర్ మీదో జనరేటర్ మీదో పెడితే ఎర్ర దీపం రావడం సహజం. వాటి అవుట్‌పుట్‌కు చాలాసార్లు ఎర్తుతో సంబంధమే ఉండదు. మెయిన్ కరెంటు వచ్చేదాకా ఆగండి. కారు పోర్టులో చీమలు, దుమ్ము ఉంటే పొడి బ్రష్షుతో దులపండి. గన్ ఇరుక్కుపోతే కారును రెండుసార్లు లాక్, అన్‌లాక్ చేసి గన్ లాగండి, రాకపోతే లాగే చిన్న తాడు ఎక్కడుందో కారు పుస్తకంలో ఉంటుంది. కారు లోపలి చార్జరు పోవడం, పైలట్ తీగ (పెట్టెకూ కారుకూ మధ్య సంకేతాలు మోసేది) తెగడం, ఎలుకలు కొరకడం కూడా ఉన్నాయి గానీ అరుదు. బ్యాటరీ హై వోల్టేజీ మోసే నారింజ రంగు తీగల జోలికి మీరు గానీ మీ మిస్త్రీ గానీ వెళ్లకండి. అదే కేబుల్‌తో ఎర్తు మంచిగా ఉన్న ఇంకో రెండు ఇళ్లలోనూ ఎర్ర దీపమే వస్తే, అప్పుడు ట్రక్కు పిలవండి.