గ్రూప్ రైడ్‌లో వెనకబడకుండా సైకిల్ తొక్కడం ఎలా?

గ్రూప్ నుంచి జారిపోయేవాళ్లలో చాలామందికి బలం తక్కువై కాదు, ముందున్న సైకిల్‌కి దూరం కావడం వల్లే ఆ గతి పడుతుంది. వేగం రెట్టింపైతే గాలి నిరోధం నాలుగింతలు అవుతుంది, దాన్ని చీల్చడానికి ఎనిమిదింతల శక్తి కావాలి. ఇంకొకరి వెనక నక్కి ఉంటే ఆ భారం చాలావరకు తగ్గుతుంది కాబట్టి, ముందు ఇది నేర్చుకోండి.

బయల్దేరేముందు గ్రూప్ సగటు వేగం అడగండి, టైర్లలో గాలి చూసుకోండి.

రోడ్డెక్కాక మొదట ఒక సైకిల్ పొడవంత దూరంలో ఉండి, ధైర్యం వచ్చేకొద్దీ దగ్గరవ్వండి. చూపు ముందున్న టైరు మీద కాదు, వాళ్ల భుజాల మీదుగా ఇంకా ముందుకి ఉండాలి. మీ ముందు చక్రం వాళ్ల వెనక చక్రం పక్కకి అస్సలు చొరబడకూడదు, ఆ రెండూ తగిలితే సాధారణంగా పడేది వెనకున్నవాళ్లే. మరీ దగ్గరైపోతే బ్రేక్ పట్టేయకుండా ఒక్క క్షణం తొక్కడం ఆపండి, లేదా కాస్త నిటారుగా లేవండి, గాలే వేగం తగ్గిస్తుంది.

అన్నిటికంటే వెనక ఉంటే హాయి అనుకుంటారు గానీ, మలుపు వచ్చిన ప్రతిసారీ ముందువాళ్లు కొంచెం నెమ్మదిస్తే చివరివాళ్లు బాగా నెమ్మదించి, మళ్లీ అందుకోవడానికి ప్రాణం పెట్టి తొక్కాల్సి వస్తుంది. మధ్యలోనో, అంతకంటే ముందో ఉండండి. మలుపుకి ముందే తేలిక గేర్ వేసుకోండి.

ఎత్తు మొదలయ్యేసరికి వరుసలో ముందుకి చేరండి, ఎక్కుతూ నలుగురు దాటిపోయినా గ్రూప్‌లోనే ఉంటారు. అసలు ప్రమాదం పైకి చేరాకే! హమ్మయ్య అని కాళ్లు ఆపుతారు, అప్పటికే ముందువాళ్లు దిగుడులో వేగం అందుకుంటుంటారు. ఇంకో పాతిక, ముప్ఫై తొక్కులు ఆపకుండా తొక్కండి, ఊపిరి తర్వాత తీసుకోవచ్చు.

అందరికంటే ముందు గాలిని చీల్చుతూ తొక్కే పని వంతులవారీగా మారుతుంటుంది, మీ వంతు వచ్చినప్పుడు వేగం పెంచకండి, అరనిమిషం చాలు, పక్కకి తప్పుకోండి. ఇందులో మొహమాటం అక్కర్లేదు.

ఆకలేసేదాకా ఆగొద్దు. రెండు గంటలు దాటే రైడ్ అయితే మొదటి అరగంట నుంచే మొదలుపెట్టి, గంటకి 30 నుంచి 60 గ్రాముల పిండిపదార్థాలు కడుపులో పడాలి.

మిగతా రోజుల్లో ఎక్కువ భాగం మాట్లాడుతూ తొక్కగలిగే వేగంలోనే తొక్కండి. వారానికి ఒక్కసారి 4 నిమిషాలు గట్టిగా, 3 నిమిషాలు తేలికగా, ఇలా నాలుగు సార్లు చేయండి.

ఇంత చేసినా ఖాళీ ఏర్పడితే, అది రెండు మూడు మీటర్లు ఉన్నప్పుడే లేచి తొక్కి పూడ్చేయండి. ఇరవై మీటర్లయ్యాక ఒంటరిగా గాలితో పోరాడటం చాలా కష్టం, అప్పుడు మీలాగే జారిపోయిన ఇంకొకరిని కలుపుకుని వంతులవారీగా లాగండి.