పాత ఇంటి ఫైర్‌ప్లేస్, 4వ పాఠం: గులాబీ ప్లాస్టర్ జోలికి పోకండి

పోయిన పాఠం చదివి మీరు పంపిన ఫొటోలు చూశాక హార్త్ (పొయ్యి కింద, దాని ముందు వేడికి తట్టుకునే నేల) సంగతి వాయిదా వేశాను. స్టవ్ (గదిని వెచ్చబరిచే ఇనుప పొయ్యి) పెట్టడానికి మూసేసిన ఫైర్‌ప్లేస్ తెరవమంటే కొందరు ఏకంగా గోడే తెరిచారు. ఇంగ్లండ్‌లోని విక్టోరియన్ (విక్టోరియా రాణి కాలంనాటి) ఇళ్లలో, తర్వాత అడ్డం కట్టిన ఇటుకలకూ అసలు గోడకూ మధ్య నిలువునా ఒకే గీతలా అతుకు కనిపిస్తుంది. ఆ గీతకు లోపల ఉన్నవే తీయాలి. ఇటుకలు ఒకదానిలోకి ఒకటి అల్లుకుని కనిపించాయంటే ఉలి పక్కన పెట్టేయండి, చిమ్నీని మోస్తున్నది ఆ గోడే.

పైన ఆర్చి కింద వంగిన ఇనుప పట్టీ ఉంటే, తుప్పు పట్టినా సరే, అది లింటెల్ పని చేస్తోంది. "పాత ఇనుమే కదా" అని కోసేసినవాళ్లు ఇక అక్కడ చెయ్యి పెట్టకండి. మేస్త్రీని పిలిచి, అక్రో ప్రాపులు (ఎత్తు సరిచేసుకునే ఇనుప ఊతకర్రలు) పెట్టించి, రెండువైపులా కనీసం 150 మిల్లీమీటర్లు గోడ మీద కూర్చునేలా కాంక్రీట్ లింటెల్ వేయించండి. యూట్యూబ్ చూసి చేసే పని కాదు.

ఫైర్‌బ్యాక్ (మంట వెనక ఉండే పలక), దాని వెనక రాళ్లూ రప్పలూ తీయడానికి పాఠం అక్కర్లేదు. బూడిద రంగు బోర్డు అడ్డం వస్తే మాత్రం పగలగొట్టకండి, ఆస్బెస్టాస్ కావచ్చు, ముందు పరీక్ష చేయించండి.

ఇక నాకు ఒళ్లు మండే విషయం. స్టవ్ చుట్టూ లోపలి గోడలకు ఆ గులాబీ ప్లాస్టర్ పూయించడం. అది జిప్సం, మన ఊళ్లో ఫాల్స్ సీలింగ్‌కు వాడే పీఓపీ కూడా జిప్సమే. జిప్సంలో నీరు రసాయనికంగా కలిసి ఉంటుంది. రోజూ 50 డిగ్రీలు దాటి వేడెక్కుతుంటే ఆ నీరు మెల్లగా పోతుంది, ముందు వెంట్రుకంత బీట వస్తుంది, తర్వాత వేలితో గీకితే పొడి రాలుతుంది. ప్లాస్టర్‌బోర్డు కూడా అంతే, పైన కాగితం అదనం. "మరి పింక్ ఫైర్ బోర్డు?" అని అడుగుతారు. అది ఇల్లు అంటుకున్న రోజు అరగంటో గంటో మంటను ఆపడానికి, రోజూ సాయంత్రం వేడెక్కడానికి కాదు. సిమెంట్ బోర్డు తెచ్చి, దాన్ని మళ్లీ జిప్సం గమ్ముతో అతికించినవాళ్లూ ఉన్నారు, వాళ్లనేమనాలి! స్క్రూలు కొట్టండి. హీట్ పెయింట్ వేస్తే సరిపోతుందని ప్లాస్టరర్ అంటాడు, జిప్సం పూయడం ఆయనకు చెయ్యి తిరిగిన పని, అందుకే అంటాడు.

పూయాల్సింది ఇసుక 6, సున్నం 1, సిమెంట్ 1 పాళ్లలో. నాకైతే సిమెంట్ లేని సున్నమే ఇష్టం, ఆరడం ఆలస్యమైనా వేడికి త్వరగా పగలదు. ఇటుకలు బాగుంటే నేను అసలు పూతే పూయను, బ్రష్ కొట్టి వదిలేస్తా.

ఈ వారం పని: స్టవ్ కొలతలకు అట్టపెట్టె కోసి లోపల నిలబెట్టి, మాన్యువల్ చెప్పినంత ఖాళీ చుట్టూ ఉందో లేదో టేపుతో చూడండి. తర్వాత నేల మీద న్యూస్‌పేపర్లు పరిచి హార్త్ గీయండి. స్టవ్‌కు పక్కలకు 150, ముందు 225, తలుపు తెరిచి కాల్చే రకమైతే 300 మిల్లీమీటర్లు. స్టవ్ 5 కిలోవాట్లు దాటితే గదికి గాలి రంధ్రం ఎక్కడ పెడతారో కూడా గుర్తు పెట్టండి. హెటాస్ (ఇలాంటి స్టవ్‌లు బిగించేవాళ్లను నమోదు చేసే సంస్థ) ఇన్‌స్టాలర్‌తో చేయించనివాళ్లు కౌన్సిల్ బిల్డింగ్ కంట్రోల్‌కు (స్థానిక సంస్థలో కట్టడాలను తనిఖీ చేసే విభాగానికి) పని మొదలుకాకముందే చెప్పాలి. ఫొటోలో టేపు అంకెలు కనిపించాలి, లేకపోతే జవాబు ఇవ్వను.