ఆపరేషన్ తర్వాత నొప్పి తగ్గట్లేదా? ఇంకో ఇంజెక్షన్‌కు ముందు ఇవి చూడండి

పేషెంటు నొప్పి అనగానే చాలామంది డ్యూటీ డాక్టర్‌కు ఫోన్ చేసి "సార్, ట్రమడాల్ ఇవ్వమంటారా?" అని అడిగేస్తారు. అడగండి, కానీ ముందు మంచం దగ్గరికి వెళ్ళి, దుప్పటి తీసి చూసి అడగండి. ఇది సర్జికల్ వార్డు సిస్టర్ల కోసం రాస్తున్నాను. బీపీ, పల్స్ చూడటం, నొప్పిని పదికి ఎంతో అడగటం మీకు వచ్చినవే కాబట్టి అవి వదిలేస్తున్నాను.

మందు ఇచ్చినా నొప్పి అలాగే ఉంది

కారణం: చాలాసార్లు మందు అసలు ఒంట్లోకి వెళ్ళలేదు.

చార్టులో టిక్కు ఉంటుంది, స్టాండుకు పారాసిటమాల్ సీసా సగం నిండుగా వేలాడుతూ ఉంటుంది. పదిహేను నిమిషాల్లో అయిపోవాల్సింది గంటసేపు చుక్కలు చుక్కలుగా పడుతుంది. లేదా క్యాన్యులా (నరంలో పెట్టే సన్నటి గొట్టం) పక్కకు జరిగి చెయ్యి ఉబ్బి ఉంటుంది. చేతి మీద ప్లాస్టర్ పైనుంచే ఒకసారి తడిమి చూడండి.

ఆర్డర్ కూడా చదవండి. "నొప్పి ఉంటే ఇవ్వాలి" అని ఎస్‌ఓఎస్‌గా రాసి ఉంటే, అడగని పేషెంటుకు ఎవరూ ఇవ్వరు. మన పెద్దవాళ్ళు అడగరు, పళ్ళు బిగబట్టుకుని పడుకుంటారు. పారాసిటమాల్‌ను ఆరు గంటలకోసారి ఒక గ్రాము చొప్పున టైము ప్రకారం ఇచ్చేలా డాక్టర్‌తో మార్పించండి. రోజుకు నాలుగు గ్రాములు దాటకూడదు, 50 కిలోల లోపు బరువుంటే డోసు తగ్గుతుంది. ఇంటి నుంచి తెచ్చిన డోలో ఎవరైనా చాటుగా వేశారేమో కూడా అడగండి, అదీ పారాసిటమాలే కాబట్టి లెక్కలోకే వస్తుంది.

ఇప్పటిదాకా హాయిగా ఉన్నాడు, ఒక్కసారిగా అరుస్తున్నాడు

కారణం: స్పైనల్ (నడుము దగ్గర వెన్నులో ఇచ్చిన మత్తు) దిగిపోయింది. కాళ్ళు కదుపుతున్నాడని ఇంట్లోవాళ్ళు సంతోషించే సమయంలోనే నొప్పి మొదలవుతుంది. మొదటి డోసు ఆ తిమ్మిరి పూర్తిగా పోకముందే పడాలి.

కుట్ల దగ్గర కాదు, కింద ఎక్కడో... కుదురుగా ఉండలేకపోతున్నాడు

అందరూ దాటేసి వెళ్ళేది ఇక్కడే. హెర్నియా, పైల్స్, మోకాలి మార్పిడి, ఏ ఆపరేషన్ అయినా సరే. పేషెంటు అటూ ఇటూ దొర్లుతుంటాడు, బీపీ పెరిగి ఉంటుంది, చెమట పడుతుంది. ఎక్కడ నొప్పి అంటే పొట్ట మీద చెయ్యి తిప్పి "ఇక్కడంతా" అంటాడు. వయసు పైబడినవాళ్ళయితే ఏదేదో మాట్లాడతారు, క్యాన్యులా పీకేస్తారు. ట్రమడాల్ ఇచ్చినా తగ్గదు, ఇంకా ఎక్కువవుతుంది.

కారణం: మూత్రాశయం నిండిపోయి ఉంది.

స్పైనల్ తర్వాత కాళ్ళలో బలం ముందు వస్తుంది, మూత్రాశయానికి వెళ్ళే నరాలు ఆఖరున తేరుకుంటాయి. ఈలోపు సెలైన్ ఎక్కుతూనే ఉంటుంది. మగవాళ్ళలో యాభై దాటాక ప్రోస్టేట్ కూడా తోడవుతుంది. మార్ఫిన్, ట్రమడాల్ లాంటివి మూత్రాన్ని ఇంకా ఆపేస్తాయి. అంటే నొప్పికని ఇచ్చిన మందే ఈ నొప్పిని పెంచుతోందన్నమాట.

"మూత్రం వచ్చిందా?" అని అడిగితే "ఆ, రెండుసార్లు పోశాడమ్మా" అంటారు అటెండెంట్లు. వాళ్ళు అబద్ధం చెప్పట్లేదు. నిండిన తొట్టి అంచు మీంచి నీళ్ళు పొర్లినట్టు కొంచెం కొంచెంగా పడుతోంది, అంతే. కాబట్టి వచ్చిందా అని ఆపేయకండి, ఎంత వచ్చింది, ఎప్పుడు వచ్చింది అని అడగండి. యాభై మి.లీ. చొప్పున రెండుసార్లు వస్తే అది వచ్చినట్టు కాదు.

తర్వాత చెయ్యి పెట్టండి. బొడ్డు కింద గట్టిగా, గుండ్రంగా తగిలి, నొక్కితే "అమ్మా, వస్తోంది" అంటే ఇక అనుమానం లేదు. లావుపాటి వాళ్ళలో చేతికి దొరకదు, అల్ట్రాసౌండ్‌తో చూడాలి.

పరిష్కారం: లేచే అనుమతి ఉంటే ఇద్దరు పట్టుకుని నిలబెట్టండి, తెర లాగండి, కుళాయి తిప్పండి. పదిమంది చూస్తుండగా పడుకుని బెడ్‌ప్యాన్‌లో పోయమంటే ఎవరికి వస్తుంది? అయినా రాకపోతే, లేదా లోపల ఐదారు వందల మి.లీ. దాటి ఉంటే డాక్టర్‌కు చెప్పి క్యాథెటర్ (మూత్రం తీసే గొట్టం) వేయాలి. ఎంత వచ్చిందో కొలిచి రాయండి. చాలాసార్లు బ్యాగు నిండుతుండగానే పేషెంటు నిద్రలోకి జారుకుంటాడు.

"క్యాథెటర్ ఉందిగా సిస్టర్" అంటే కూడా నమ్మకండి. తొడ కింద ట్యూబు మడత పడటం, రక్తపు గడ్డ అడ్డుపడటం మామూలే. బ్యాగులో మట్టం గంటగా కదలకపోతే ముందు ట్యూబు మొదలు నుంచి చివరిదాకా చూడండి.

ఆగకుండా డాక్టర్‌ను పిలవాల్సినవి

ప్లాస్టర్ కట్టు లోపల నొప్పి గాయానికి మించి ఉండి, వేళ్ళు మెల్లగా సాగదీస్తే ప్రాణం పోయినట్టు అరిస్తే వెంటనే పిలవండి. నాడి తగులుతోందని ధైర్యపడకండి. కట్టు విప్పాల్సి రావచ్చు. ఒకే కాలి పిక్క వాచి నొప్పిగా ఉన్నా, పొట్ట బల్లలా బిగుసుకున్నా అంతే.

మిగతావి: ల్యాప్రోస్కోపీ తర్వాత భుజం నొప్పి గ్యాస్ వల్ల వస్తుంది, రెండు మూడు రోజుల్లో పోతుంది. కూర్చుంటే పెరిగి పడుకుంటే తగ్గే తలనొప్పి స్పైనల్‌ది, మత్తు డాక్టర్‌కు చెప్పండి. మూడు నాలుగు రోజులయ్యాక జ్వరంతో పాటు కుట్ల దగ్గర నొప్పి పెరుగుతుంటే డ్రెస్సింగ్ విప్పించి చూపించండి.