ఎలక్ట్రాన్ల పద్దు, 5వ పాఠం: నీటి నుంచి బయల్దేరి నీటికే చేరే దారి

కిరణజన్య సంయోగక్రియలో ఎలక్ట్రాన్లు ఎటు పోతాయో లెక్కగట్టే పాఠాలివి. ఫ్లావోడైఐరన్ ప్రోటీన్లంటే ఎలక్ట్రాన్లను ఆక్సిజన్‌కిచ్చి నీరు చేసే ఎంజైములు. పోయిన పాఠం లెక్కలో చాలామంది ఒకేచోట జారారు. "ఫ్లావోడైఐరన్ ప్రోటీన్ల దారిలో ఆక్సిజన్ పెరగదు, తరగదు. కాబట్టి ఆ దారిలో ఏమీ జరగనట్టే" అని రాశారు. ఈసారి చక్రీయ ప్రవాహం (ఎలక్ట్రాన్లు ముందుకు పోకుండా వెనక్కి తిరిగి చుట్టే దారి) మొదలుపెడదామనుకున్నాను. దాన్ని వాయిదా వేస్తున్నాను. ఈ తప్పు దిద్దుకోకపోతే మాస్ (moss) మొక్కలు, శైవలాలు ఎండ దెబ్బను ఎలా కాచుకుంటాయో ఎన్ని పాఠాలు చదివినా అంతుపట్టదు.

నీటిని విడగొట్టే ఫోటోసిస్టమ్ 2 నుంచి ఫోటోసిస్టమ్ 1 దాకా (రెండూ కాంతిని పట్టే ప్రోటీన్ గుంపులే) ఉన్న మామూలు దారి మీకు వచ్చు, మళ్లీ గీయను.

పద్దు ఎప్పుడూ 4 ఎలక్ట్రాన్లకు రాయండి. 2కు రాసేవాళ్లూ ఉన్నారు, నాకది నచ్చదు. ఒక ఆక్సిజన్ అణువు పుట్టాలంటే 4 కావాలి, అలా రాస్తే భిన్నాల బెడద ఉండదు.

2 నీటి అణువులు విడిపోతే 4 ఎలక్ట్రాన్లు, 1 ఆక్సిజన్ అణువు వస్తాయి. థైలకాయిడ్ (పత్రహరితం ఉండే పొర సంచి) లోపల 4 ప్రోటాన్లు చేరతాయి. ఆ ఎలక్ట్రాన్లు రెండు ఫోటోసిస్టమ్‌ల మధ్య ఉండే సైటోక్రోమ్ బి6ఎఫ్ ప్రోటీన్ గుంపును దాటేటప్పుడు ఇంకో 8 ప్రోటాన్లు లోపలికొస్తాయి. మొత్తం 12. ఎలక్ట్రాన్లు వాటిని మోసుకెళ్లే ఎన్‌ఏడీపీని చేరితే 2 ఎన్‌ఏడీపీహెచ్ తయారవుతాయి. ఫ్లావోడైఐరన్ ప్రోటీన్లను చేరితే మాత్రం 1 ఆక్సిజన్ అణువు తిరిగి 2 నీటి అణువులవుతుంది.

ఇప్పుడు పద్దు చూడండి. ఆక్సిజన్ జమ 1, ఖర్చు 1, నిల్వ సున్నా. ప్రోటాన్ల జమ 12, ఒక్కటీ తగ్గలేదు! ఆక్సిజన్ మీటరు చూపేది నిల్వనే. పొద్దున వెయ్యి వచ్చి సాయంత్రానికి వెయ్యి పోయిన ఖాతాలో లావాదేవీలే లేవని ఎవరైనా అంటారా? జమ, ఖర్చు విడిగా కావాలంటే గాలిలో ఆక్సిజన్-18 (బరువైన ఐసోటోపు) ఇచ్చి మాస్ స్పెక్ట్రోమీటరుతో కొలుస్తారు. 18 తరిగే వేగం ఖర్చు చెబుతుంది, నీటి నుంచి వచ్చే మామూలు ఆక్సిజన్-16 పెరిగే వేగం జమ చెబుతుంది.

దీన్ని మెహ్లర్ 1951లో చూపిన చర్యతో కలిపేయకండి. రెండింట్లోనూ ఆక్సిజనే ఎలక్ట్రాన్లు తీసుకుంటుంది, నిజమే. కానీ అక్కడ ముందు సూపర్ ఆక్సైడ్, ఆపైన హైడ్రోజన్ పెరాక్సైడ్ పుడతాయి, వాటిని శుభ్రం చేయడం మరో పని. ఫ్లావోడైఐరన్ ప్రోటీన్లు ఆ విషాలను బయటకు వదలకుండా నేరుగా నీరు చేస్తాయి.

చెట్టు నీడలో రాతి మీద పరుచుకున్న మాస్‌ను ఊహించుకోండి. గాలికి కొమ్మ కదిలి ఒక్కసారిగా ఎండ పడింది. కార్బన్‌ను పట్టే ఎంజైములు ఊపందుకోవడానికి నిమిషాలు పడుతుంది, ఎలక్ట్రాన్లు ఆగవు. ఆ మొదటి క్షణాల్లో ఈ దారి తెరుచుకుంటుంది. లోపల చేరిన ప్రోటాన్లు బి6ఎఫ్‌ను నెమ్మదింపజేస్తాయి, అదనపు కాంతిని వేడిగా వదిలే ప్రోటీన్లనూ లేపుతాయి. ఫిస్కోమిట్రియమ్ అనే మాస్‌లో ఈ ప్రోటీన్ల జన్యువులు తీసేస్తే, ఎండా నీడా మారే వెలుతురులో ఫోటోసిస్టమ్ 1 దెబ్బతింటుంది. క్లామిడోమోనాస్ శైవలానిదీ ఇంచుమించు అదే కథ. ఫోటోసిస్టమ్ 2 గంటల్లో బాగుపడుతుంది, 1 బాగుపడాలంటే రోజులు పడుతుంది. అందుకే కాపలా అక్కడ అంత గట్టిగా ఉంటుంది. పూల మొక్కలు ఈ ప్రోటీన్లను పోగొట్టుకున్నాయి.

అభ్యాసం: 14 ప్రోటాన్లు బయటికి పోతే 3 ఏటీపీలు (కణం వాడుకునే శక్తి అణువులు) వస్తాయి. కార్బన్ పట్టడానికి 2 ఎన్‌ఏడీపీహెచ్‌లకు 3 ఏటీపీలు కావాలి, మన దగ్గరున్నవి 12 ప్రోటాన్లే. ఆ 2 ప్రోటాన్ల లోటు పూడ్చడానికి ఎలక్ట్రాన్‌కు 2 ప్రోటాన్లిచ్చే చక్రీయ దారిలో 1 ఎలక్ట్రాన్ చాలు. ఫ్లావోడైఐరన్ దారిలో ఎన్ని? ఎలక్ట్రాన్‌కు 4 ప్రోటాన్లిచ్చే ఎన్‌డీహెచ్ దారిలో (అదీ చక్రీయమే) ఎన్ని? తర్వాత, ఫ్లావోడైఐరన్ ప్రోటీన్లు లేని మాస్ మీద ఎండ పడిన తొలి 10 సెకన్లలో ప్లాస్టోక్వినోన్ (ఫోటోసిస్టమ్ 2 తర్వాతిది) నుంచి ఫెర్రిడాక్సిన్ (ఫోటోసిస్టమ్ 1 తర్వాతిది) దాకా ఒక్కో వాహకం ఎలక్ట్రాన్లతో నిండుగా ఉందో ఖాళీగా ఉందో పెన్సిలుతో గీయండి. అది గీయకుండా 6వ పాఠం తెరవకండి.