సైటు మార్పిడి, 4వ పాఠం: తెలుగు చిరునామాలకు 404 ఎందుకొస్తోంది

ఈసారి సైట్‌మ్యాప్, అంటే సైటులోని చిరునామాలన్నిటి జాబితా ఫైలు గురించి చెప్పుకోవాలి. అది వచ్చే పాఠానికి జరిగింది. వర్డ్‌ప్రెస్ సైటును కొత్త వేదికకు మార్చేవాళ్లను పాత, కొత్త చిరునామాల పట్టిక వేసి 301 (శాశ్వత) దారి మళ్లింపులు పెట్టమన్నప్పుడు ఇంగ్లిషు పుటలన్నీ చక్కగా మళ్లాయి, తెలుగు, ఒడియా పుటలు మాత్రం 404, అంటే ‘పుట దొరకలేదు’ అని చూపించాయి. బరంపురం, రాయగడ, పర్లాకిమిడి వైపు రెండు భాషల్లో దుకాణం సైటు నడిపేవాళ్లలో చాలామంది ఇక్కడే చిక్కుకున్నారు. కారణాలు రెండు.

పుట శీర్షిక చూసి చిరునామా ఊహించి పట్టికలో రాసుకోవడం మొదటిది. వర్డ్‌ప్రెస్ డేటాబేసులో పుట చిరునామాకు ఉన్న చోటు 200 అక్షరాలే. తెలుగు అక్షరం అందులో శాతం గుర్తుల (%) సంకేతంగా చేరుతుంది. ఒక్కో యూనికోడ్ గుర్తుకు 3 బైట్లు, ఒక్కో బైటుకు శాతం గుర్తుతో కలిపి 3 అక్షరాలు, వెరసి 9. గుడి, కొమ్ము, పొల్లు, సున్నా ఇవన్నీ విడివిడిగా లెక్కే. ‘పట్టు’ మన కంటికి రెండక్షరాలు. వర్డ్‌ప్రెస్‌కు మాత్రం ప, ట, పొల్లు, ట, కొమ్ము కలిసి ఐదు గుర్తులు, అంటే 45 అక్షరాలు. ‘బరంపురం పట్టు చీరలు కొనేముందు’ అన్న శీర్షిక 26 గుర్తులు, పదాల మధ్య 3 అడ్డగీతలు కలిపి 237 అవుతుంది. ఇంకో గుర్తు కలిస్తే 200 దాటుతుంది కాబట్టి 192 దగ్గర తెగిపోయి ‘బరంపురం-పట్టు-చీరలు-కొనే’ మిగులుతుంది. పట్టికలో మీరు ‘కొనేముందు’ అని రాశారు, గూగుల్ దగ్గర ‘కొనే’ ఉంది. ఇక కలిసేదెలా? అదే పేరుతో ఇంకో పుట ఉంటే దాని చివర ‘-2’ కూడా తగులుతుంది. ఒడియా లిపికీ అక్షరానికి 3 బైట్లే, లెక్క మారదు. చిరునామాలు పాత సైటు సైట్‌మ్యాప్ ఫైలు నుంచి తీయండి, శీర్షికల నుంచి కాదు. పాత హోస్టింగ్ ఇంకా బతికి ఉండగానే తీయండి.

రెండోదే అసలు విసిగించేది. బ్రౌజర్ చిరునామా పట్టీలో తెలుగు అక్షరాలే కనిపిస్తాయి. కాపీ చేసి అతికిస్తే శాతం గుర్తుల వరుస దిగుతుంది. దాన్నే సర్వర్‌కు మళ్లింపు నియమాలు చెప్పే హెచ్‌టీయాక్సెస్ (.htaccess) ఫైలులో పాత చిరునామాగా పెట్టేశారు. అపాచీ సర్వర్ ఏం చేస్తుందంటే, వచ్చిన చిరునామాను ముందు విప్పి తెలుగు అక్షరాలుగా మార్చుకుంటుంది, ఆ తర్వాతే మీ నియమంతో పోల్చుతుంది. శాతం గుర్తులతో రాసిన నియమానికి అది ఎప్పటికీ సరిపోదు, ఎర్రర్ కూడా చూపదు. పాత చిరునామాను తెలుగు అక్షరాల్లోనే రాయాలి. ఫైలు యూటీఎఫ్-8లో దాచాలి, బామ్ (BOM) అనే కంటికి కనిపించని గుర్తు లేకుండా. అది ఫైలు మొదట్లో పడితే సైటు మొత్తం 500 ఎర్రర్ ఇచ్చే ప్రమాదం ఉంది. ఎంజినెక్స్ అనే ఇంకో సర్వర్ కూడా విప్పిన చిరునామాతోనే పోల్చుతుంది.

ఇక గమ్యం వైపు కొత్త చిరునామా ఇంగ్లిషు అక్షరాల్లో, పొట్టిగా పెట్టుకోండి. గమ్యంలో శాతం గుర్తులుంటే అపాచీ వాటిని మరోసారి సంకేతంగా మార్చి పాడు చేస్తుంది. ఆపడానికి నియమం చివర పెట్టే జెండాలు (ఫ్లాగులు) ఉన్నాయి గానీ, ఆ తలనొప్పి ఎవరికి కావాలి? తెలుగు పుట పేరు శీర్షికలో ఉంటే చాలు.

నియమంలో పాత చిరునామాకు మొదట టోపీ గుర్తు (^), చివర డాలరు గుర్తు ($) తప్పనిసరి. డాలరు లేకపోతే ‘పట్టు-చీరలు’ అన్న నియమం ‘పట్టు-చీరలు-కొనే’ని కూడా లాగేసుకుంటుంది. వర్డ్‌ప్రెస్ చిరునామాల చివర ఏటవాలు గీత (/) ఉంటుంది కాబట్టి డాలరుకు ముందు ఆ గీత, ప్రశ్నార్థకం (/?) పెడితే ఉన్నా లేకున్నా పనిచేస్తుంది. ‘రీడైరెక్ట్’ ఆదేశం కాకుండా ‘రీరైట్‌రూల్’ వాడండి, ఓపెన్‌కార్ట్ వంటి కొత్త వేదిక రాసుకున్న వరుసలకు పైన. రెండు ఆదేశాలూ కలగలిపితే కొత్త చిరునామా తోకకు ప్రశ్నార్థకంతో అనవసరపు చెత్త తగులుకుంటుంది.

కొందరు విసిగి పాత చిరునామాలన్నీ హోమ్ పేజీకి మళ్లించారట. చీర ధర వెతికినవాడికి ముఖద్వారం చూపిస్తే గూగుల్ దాన్ని సాఫ్ట్ 404గా, అంటే పుట లేనట్టే లెక్కేస్తుంది. సరిపోయే పుట లేకపోతే 404 వదిలేయడమే మేలు.

పరీక్షించేటప్పుడు ముందు 302 (తాత్కాలిక మళ్లింపు) పెట్టి, అంతా కుదిరాక 301 చేయండి. తప్పుడు 301ని బ్రౌజర్ గుర్తుపెట్టుకుని మిమ్మల్నే మోసం చేస్తుంది. మళ్లింపులు కనీసం ఏడాది ఉంచాలి. డొమైన్ మారకపోతే గూగుల్ సెర్చ్ కన్సోల్‌లోని చిరునామా మార్పు పనిముట్టు జోలికి పోవద్దు.

సొంత డొమైన్ మీద బ్లాగర్ నుంచి వచ్చేవాళ్లకు ఒక మాట: అక్కడ తెలుగు శీర్షికలన్నీ ‘బ్లాగ్-పోస్ట్’, దాని పక్కన అంకెలుగా మారి ఉంటాయి. పేరు చూసి పోల్చుకోలేరు, ఒక్కో పుటా తెరిచి చూడాల్సిందే.

అభ్యాసం: సెర్చ్ కన్సోల్‌లో 16 నెలల వ్యవధి పెట్టి, క్లిక్కులు ఎక్కువొచ్చిన 40 పుటలు తీయండి. అందులో తెలుగు, ఒడియా చిరునామాలు ఏరి, ఒక్కో పుట శీర్షికలోని గుర్తులు చేత్తో లెక్కించి 9తో గుణించండి, పదాల మధ్య అడ్డగీతకు ఒకటి చొప్పున కలపండి. 200 దాటి తెగినవి విడిగా రాయండి. తర్వాత కర్ల్ (curl) అనే కమాండ్ పనిముట్టుతో 40నీ పరీక్షించి, పాత చిరునామా నుంచి కొత్తదానికి ఒకే గెంతులో 301, ఆపైన ‘పుట దొరికింది’ అనే 200 వస్తోందో లేదో పట్టికలో నింపండి. మధ్యలో ఇంకో గెంతు కనిపిస్తే నియమం దిద్ది మళ్లీ మొదటి వరుస నుంచి నడపండి.